చెవిటి బడికి చప్పుడు మార్కులు

పై అధికారికి ఆలోచన వచ్చిన రోజే కింది ఉద్యోగికి జ్వరం వస్తుందని ఇజ్రాయేలు మాస్టారికి తన సర్వీసులో ఎప్పుడో రూఢి అయిపోయింది. ఈసారి వచ్చిన ఆలోచన మామూలుది కాదు గనక జ్వరం కూడా చలితో కలిసి వచ్చింది.

ఆలోచన ఇది. బడిలో చైతన్యం ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి ఏం నేర్చుకున్నావని అడగాలి. అది చాలా శ్రమ, పైగా వాళ్ళు జవాబు చెప్పే ప్రమాదం ఉంది. కాబట్టి కొత్తగా వెలిసిన విద్యా చైతన్య ప్రాధికార సంస్థవారు, చప్పుడు కొలిస్తే చాలని తేల్చారు. చైతన్యం ఉన్నచోట చప్పుడు ఉంటుంది, చప్పుడు లేనిచోట చైతన్యం ఉండదు. పొద్దున ప్రార్థన వేళ ప్రతి ప్రధానోపాధ్యాయుడూ సంస్థవారి యాప్ తెరిచి ఫోనును పిల్లల మధ్య పెట్టాలి. అది విని మార్కులు వేస్తుంది. ఆ మార్కుల పేరు చైతన్య సూచిక. పాసు కాని బడి పేరు మృతప్రాయ పాఠశాల. ఏడాది చివరికి కూడా మృతప్రాయంగానే ఉంటే బడి మూత, పిల్లలు ఇళ్ళకు. ‘కేక వేయగల జాతే కోట కట్టగలదు’ అని జిల్లా అంతా గోడల మీద రాయించారు.

ఇంతవరకే అయితే ఇందులో కథేమీ లేదు, ఇలాంటివి ఏటా వస్తూనే ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే ఇజ్రాయేలు మాస్టారిది చెవిటి పిల్లల బడి.

రాళ్ళవాగు ఊరి చివర, ఒకప్పుడు పొగాకు నిలవచేసిన గోడౌనుకు సున్నం కొట్టి ఆ బడి పెట్టారు. నడిపేది ఒక చిన్న ధర్మసంస్థ, గ్రాంటు ఇచ్చేది సర్కారు, ఇద్దరికీ మధ్య ఒప్పందం. దీన్ని ఒప్పంద పాఠశాల అంటారు. అంటే స్వతంత్రంగా పనిచేసే బడే. కాకపోతే మెడలో పలుపుతాడు ఉంటుంది, దాని కొస జిల్లా కేంద్రంలో ఉంటుంది.

బడిలో అసలు పాఠం చెప్పేది నసీమ. ఆమె కూడా చెవిటిదే, చిన్నప్పుడు ఆ గోడౌనులోనే చదువుకుంది. ఆమె చేతులు కదులుతుంటే పిల్లలు రెప్ప వెయ్యరు. మాస్టారికి సంజ్ఞలు వచ్చీరానివి. ఆయన ‘కూర్చోండి’ అని చెయ్యి ఆడిస్తే ఒక్కోసారి పిల్లలంతా కిసుక్కుమంటారు. తానేమన్నాడో ఆయనకి ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడే అంకమ్మ అనే పిల్ల బడిలో చేరింది. గొర్రెల కాపరి కూతురు, తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. ఇంటి దగ్గర అందరూ వినపడదని తెలిసి కూడా ‘ఓ పిల్లా’ అని కేకేసేవాళ్ళు. వచ్చేనాటికి తనకొక పేరుందని ఆ పిల్లకి తెలియదు, మనుషులకి పేర్లుంటాయనీ తెలియదు. నసీమ ఆ పిల్ల కనుబొమ మీది మచ్చను చూపుడువేలితో తాకి, ఇదే నీ పేరు అంది. చెవిటివాళ్ళలో పేర్లు అలాగే పెట్టుకుంటారు. కళ్ళజోడు పైకి నెట్టుకోవడం మాస్టారి పేరు. ఆ మధ్యాహ్నమంతా అంకమ్మ తన మచ్చను తాను తాకుతూ, కనపడిన ప్రతివాడికీ చూపిస్తూ తిరిగింది. ఆ తర్వాత ఒక్కొక్క పేరుగా నీళ్ళు వచ్చాయి, అన్నం వచ్చింది, గొర్రె, అమ్మ, వాన వచ్చాయి.

“పేర్లు చెప్తోంది. ఇంకా ఏదీ అడగడం లేదు,” అని నసీమ మాస్టారికి చేతులతో నెమ్మదిగా, మొద్దబ్బాయికి చెప్పినట్లు చెప్పింది. “అడిగిన రోజు ఇక ఈ పిల్లకి భయం లేదు. ఆలోగా చేతులు ఆగిపోతే మళ్ళీ మందలోకి పోతుంది.”

సరిగ్గా అప్పుడు వచ్చింది సర్క్యులరు.

మొదటి రోజు మాస్టారు నిబంధన ప్రకారం ఫోను పిల్లల మధ్య పెట్టారు. పిల్లలు వరుసల్లో నిలబడి చేతులతో ప్రార్థన చేశారు. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. ఫోను ఏమీ చూడలేదు. మూడో నాటికల్లా జిల్లా కేంద్రం నుంచి పిలుపు వచ్చింది.

సంస్థ ప్రత్యేకాధికారి మార్తాండ గారు చల్లటి గదిలో పెద్ద తెర ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద జిల్లా పటం, దాని మీద బడులు దీపాల్లా వెలుగుతున్నాయి. రాళ్ళవాగు దగ్గర నల్లటి చుక్క ఉంది.

“మీ పాఠశాలలో ప్రార్థన వేళ నమోదైన చైతన్యాన్ని మా నిపుణులు విశ్లేషించారు. అది ఒక కాకిది,” అన్నారాయన. “ఆ కాకి గనక సహకరించకపోతే మీకు సున్నా వచ్చేది.”

“సార్, మా పిల్లకాయలకి వినపడదు సార్.”

“వాళ్ళకి వినపడనక్కర్లేదు. యాప్‌కి వినపడితే చాలు.”

“అది కాద్సార్. వాళ్ళు చెవిటి...”

మార్తాండ గారు చెయ్యెత్తి ఆపారు. “ఆ మాట వాడకండి. శ్రవణేతర ప్రతిభావంతులు అనాలి. పోయిన నెలే ఉత్తర్వు ఇచ్చాం.”

“అట్టాగే సార్. ఆ ప్రతిభావంతులకి వినపడదు సార్. వినపడనోళ్ళకి మాట రాదు. ఏదన్నా మినహాయింపు ఇప్పిస్తే...”

మినహాయింపు అన్న మాట వినగానే ఆయన ముఖం గంభీరమైంది. “చూడండి ఇజ్రాయేలు గారూ. నిబంధనలో ‘విద్యార్థి’ అని ఉంది. మీ పిల్లలకి మినహాయింపు ఇస్తే వాళ్ళు విద్యార్థులు కారని ఈ కార్యాలయం లిఖితపూర్వకంగా అంగీకరించినట్లు అవుతుంది. అది వివక్ష. వివక్షను నేను సహించను. మీరు సహిస్తారా?”

“సహించను సార్,” అన్నారు మాస్టారు. ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉన్నట్లు ఆయనకి తోచలేదు.

“అయినా మేము మానవత్వం లేనివాళ్ళం కాదు. మినహాయింపు నిబంధన ఒకటి ఉంది. ఎవరైనా మహనీయులు దివంగతులైనప్పుడు పాటించే సంతాప మౌనం సూచిక పరిధిలోకి రాదు. మీ పాఠశాలకు సంబంధించి ఎవరైనా మహనీయులు దివంగతులయ్యారా?”

మాస్టారు నిజాయితీగా ఆలోచించారు. “ఇంతవరకూ లేదు సార్,” అన్నారు.

“మరైతే నేను చేయగలిగింది లేదు,” అని మార్తాండ గారు గంట కొట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు అంటారు గానీ, ఆ గదిలో చెవిటివాడెవరో శంఖమెవరిదో తేల్చడం కష్టం.

తిరిగి వచ్చేసరికి బడిలో భోజనాల వేళ. వంటమనిషి కోటమ్మ సాంబారు వడ్డిస్తోంది. పిల్లలు స్టీలు పళ్ళేలు నేలకేసి, గోడకేసి, ఒకళ్ళ పళ్ళేనికేసి ఇంకొకళ్ళు కొట్టుకుంటూ ఆకలి తెలుపుకుంటున్నారు. తమ చప్పుడు తమకి వినపడదు గనక వాళ్ళకి ఎంత కొట్టాలో తెలియదు, ఎప్పుడు ఆపాలో అసలే తెలియదు. మాస్టారు విషయం చెప్పగానే కోటమ్మ గరిటె పైకెత్తింది.

“దానికింత బాధేంది సారూ? చప్పుడే గదా వాళ్ళకి కావల్సింది. ఇదుగో, ఆ ఫోను తెచ్చి ఈడ పెట్టండి. పగిలిపోద్ది.”

మరునాడు పొద్దున పిల్లలందరి చేతికీ పళ్ళేలూ గరిటెలూ ఇచ్చారు. గోడౌనుకి రేకుల కప్పు. లోపల చప్పుడు చేస్తే అది బయటికి పోకుండా రేకుకీ నేలకీ మధ్య తిరుగుతుంది. పిల్లలకి ఆ అదురు అరికాళ్ళలోంచి గుండెలోకి వచ్చింది. వాళ్ళకి భలే సరదాగా ఉంది. అంకమ్మ అయితే ఎగిరి ఎగిరి కొట్టింది. మాస్టారు చెవుల్లో దూది పెట్టుకుని బయట వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డారు. ఫోను పగల్లేదు గానీ, జిల్లా పటం మీద నల్ల చుక్క ఒక్కసారిగా సూర్యుడిలా వెలిగింది.

జిల్లాలో మొదటి ర్యాంకు!

చెవులున్న పిల్లల బడులన్నీ వెనకబడిపోయాయి. వెనకబడక ఏం చేస్తాయి? వాళ్ళు కాసేపు అరిచి గొంతు పోయి ఊరుకుంటారు, లేదా పక్కవాడి అరుపు భరించలేక చెవులు మూసుకుంటారు. చప్పుడుకి పెద్ద అడ్డంకి చెవులేనని సంస్థవారి పరిశోధనలో తేలింది. దీనికి ‘రాళ్ళవాగు నమూనా’ అని పేరు పెట్టి, మిగతా బడుల మాస్టార్లని బస్సుల్లో తెచ్చి చూపించారు. వాళ్ళు వచ్చి, చెవులు మూసుకుని చూసి, పొట్లం భోజనాలు తిని, నమూనా చాలా స్ఫూర్తిదాయకంగా ఉందని సంతకాలు చేసి పోయారు. ఊళ్ళో మాత్రం స్ఫూర్తి పొందనివాళ్ళు కొందరున్నారు. పాలకేంద్రం నడిపే తిరపతయ్య రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు.

“పొద్దున్నే ఆ మోతకి బర్రెలు పాలు చేపటం లేదు సారూ. పొదుగు కింద కూకుంటే గిట్టలతో తంతన్నయ్యి. మీకు పుణ్యముంటది, ఒక్క గంట ఆగి మొదలెట్టండి.”

“నా చేతిలో ఏముంది తిరపతయ్యా. పైనుంచి ఆర్డరు,” అనేవారు మాస్టారు, చెవిలో దూది తీయకుండానే.

ప్రార్థన వేళ ఒక్కటే అయితే అందరూ ఎలాగో ఓర్చుకునేవాళ్ళు. కానీ మొదటి ర్యాంకు వచ్చిన బడిని ఊరికే వదిలిపెట్టడం ప్రభుత్వ సంప్రదాయం కాదు. ఆ బడిలో ఫోను సాయంత్రందాకా తెరిచే ఉంచమన్నారు. దసరా సెలవుల తర్వాత మార్తాండ గారు స్వయంగా వచ్చారు. వెంట ఒక సలహాదారు, ఒక ఫొటోగ్రాఫరు. సంస్థ చిహ్నం ముద్రించిన పెద్ద పసుపు జెండా ఒకటి మాస్టారికి బహూకరించారు. పిల్లలకి మొదలుపెట్టమన్న మాట వినపడదు గనక, జెండా ఎత్తితే వాయించాలి, దించితే ఆపాలి.

“మీ పాఠశాల ప్రార్థనలో అద్వితీయం. కానీ తొమ్మిదిన్నరకి పాఠాలు మొదలవగానే సూచిక పాతాళానికి పడిపోతోంది,” అన్నారు మార్తాండ గారు. “కారణం ఏమై ఉంటుంది?”

“పాఠం చెప్తారు కద్సార్,” అన్నారు మాస్టారు.

సలహాదారు నసీమ తరగతి గుమ్మంలో నిలబడి చాలాసేపు పరిశీలించాడు. లోపల నసీమ వానాకాలం గురించి చెప్తోంది. మబ్బు పట్టింది, మెరిసింది, చినుకు పడింది, ఆమె పదివేళ్ళ మధ్య వాగు పొంగింది. పిల్లల చేతులన్నీ ఒకేసారి లేచి తమ ఊళ్ళ వానల గురించి చెప్తున్నాయి. అంకమ్మ ముందు వరుసలో మోకాళ్ళ మీద లేచి, గొర్రె తడిసింది, అమ్మ తడిసింది, నేను తడిశాను అంటోంది. మూడు ముక్కలు కలిపి వాక్యం చెప్పడం ఆ పిల్లకి అదే మొదటిసారి. సలహాదారు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, “కారణం దొరికింది సార్. వీళ్ళు పళ్ళేలు కింద పెట్టేశారు,” అన్నాడు.

“ఎందుకు?”

“చేతులు ఖాళీ లేవు సార్. సంజ్ఞలు చేస్తున్నాయి.”

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘శ్రవణేతర ప్రతిభావంతులైన విద్యార్థుల హస్తములు సంజ్ఞల నిమిత్తము దుర్వినియోగమగుటచే చైతన్యోత్పత్తికి తీవ్ర విఘాతము కలుగుచున్నదని గమనించడమైనది. కావున పాఠశాల పనివేళలందు విద్యార్థుల కుడిచేతిలో గరిటె, ఎడమచేతిలో పళ్ళెము విధిగా ఉండవలెను.’ కింద ప్రధానోపాధ్యాయుడు అమలు చేసినట్లు సంతకం పెట్టడానికి ఖాళీ ఉంది.

మాస్టారు సంతకం పెట్టారు. పెట్టకపోతే బడి ఉండదు, బడి లేకపోతే పిల్లలు ఉండరు అని తనకు తాను చెప్పుకుని పెట్టారు. ఇలాంటివాళ్ళు తప్పు చేసేటప్పుడు ఎప్పుడూ పిల్లల కోసమే చేస్తారు. కోటమ్మ మాత్రం ఆయన ముఖం మీదే అడిగేసింది.

“చేతుల్లో పళ్ళేలు పెడితే ఆళ్ళు మాట్టాడేదెట్టా సారూ? మీ నోట్లో గుడ్డ కుక్కి పాఠం చెప్పమంటే చెప్తారా మీరు?”

“ఏడాది గడవనీ కోటమ్మా. ఆ తర్వాత చూద్దాం.”

“ఏడాది గడిస్తే గడిచిద్ది. ఆ అంకమ్మకి వచ్చిన నాలుగు మాటలూ పోతే నువ్వు తెచ్చిత్తావా?” అని ఆమె ‘సారూ’ కూడా వదిలేసి వంటింట్లోకి పోయింది.

నసీమ తరగతిలో మాత్రం పళ్ళేలు బల్ల కిందే ఉన్నాయి. ఆమె ఉత్తర్వు చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టింది. దాంతో ఆమె మీద విచారణ వేశారు. నేరం: విధి నిర్వహణలో నిశ్శబ్దం.

విచారణ కమిటీ బడిలోనే కూర్చుంది. రికార్డరు బల్ల మీద పెట్టి, నిబంధన ప్రకారం నిందితురాలు తన వివరణ నోటితో ఇవ్వాలన్నారు. నసీమ కాగితం మీద రాసి ముందుకు తోసింది. మౌఖిక వివరణ స్థానంలో లిఖితపూర్వక వివరణ చెల్లదని వెనక్కి తోశారు. ఆమె లేచి నిలబడి చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. అంత కోపంగా ఆమె చేతులు కదలడం మాస్టారు ఎప్పుడూ చూడలేదు. వచ్చీరాని సంజ్ఞలతోనే ఆయనకి సగం అర్థమైంది, ఆ సగానికే తల వంగిపోయింది.

“ఆమె చెప్పేది నేను చెప్తాన్సార్,” అన్నారాయన.

“మీరు చెబితే అది మీ వివరణ అవుతుంది,” అన్నారు కమిటీ అధ్యక్షులు. రికార్డరులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ పడలేదు. కమిటీ తన నివేదికలో, ‘పలు అవకాశములు ఇచ్చినప్పటికీ సదరు ఉపాధ్యాయురాలు నోరు మెదపలేదు. మౌనము అంగీకార సూచకము గనుక ఆమె నేరమును అంగీకరించినట్లు భావించడమైనది’ అని రాసింది. నసీమను సస్పెండు చేశారు. ఆమె తన సంచీ సర్దుకుని, పిల్లలకి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. చెప్దామంటే అప్పటికే పిల్లల చేతుల్లో పళ్ళేలు పెట్టించారు, తిరిగి ఏమీ అనలేరు.

ఆ తర్వాత బడిలో పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకటే మోత. పిల్లలకి మొదట్లో ఉన్న సరదా ఎప్పుడో పోయింది, ఇప్పుడు కూలికొచ్చినవాళ్ళలా కొడుతున్నారు. అంకమ్మ ఎగరడం మానేసింది. మొదట వాన పోయింది, తర్వాత గొర్రె పోయింది. భోజనం దగ్గర కోటమ్మ పళ్ళెం తీసి పక్కనపెట్టి, నీళ్ళు కావాలా అని చేత్తో అడిగితే, ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని గ్లాసు వైపు ఊరికే చూసింది. మాస్టారు అది చూశారు. ఆ రోజు ఆయనకి అన్నం సహించలేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నారు, అనుకుని సాయంత్రం సూచిక అప్‌లోడు చేసి ఇంటికి పోయారు.

సంక్రాంతి సెలవులయ్యాక మంత్రివర్యుల పర్యటన ఖాయమైంది. రాష్ట్రంలోకెల్లా అత్యంత చైతన్యవంతమైన పాఠశాలగా రాళ్ళవాగు బడికి అవార్డు. గోడౌను ముందు షామియానా వేశారు, వేదిక మీద ఇంటి తలుపంత తెర పెట్టారు. సూచిక ఎంత పలికితే ఆ తెర మీద అంత ఎత్తున ఎర్రగీత లేస్తుంది. మంత్రివర్యులు మధ్యలో, మార్తాండ గారు పక్కన, వేదిక అంచున పసుపు జెండా పట్టుకుని ఇజ్రాయేలు మాస్టారు. ఊరివాళ్ళు ముందుజాగ్రత్తగా గొడ్లని వాగవతలికి తోలుకుపోయారు.

మాస్టారు జెండా ఎత్తారు. పళ్ళేలు మోగాయి. గీత తెర పైఅంచు దాటిపోయింది. మంత్రివర్యులు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఆనందం వ్యక్తం చేశారు. మార్తాండ గారు మైకు పట్టుకుని ఏదో చెప్తున్నారు, ఎవరికీ వినపడటం లేదు, అదే విజయం.

అప్పుడు గేటులోంచి నసీమ వచ్చింది. తన పుస్తకాలు కొన్ని అలమారులో ఉండిపోతే తీసుకుపోదామని వచ్చింది, ఇంత సంబరం ఉందని ఆమెకి తెలియదు.

ముందు వరుసలో ఉన్న అంకమ్మ చూసింది. పళ్ళెం అక్కడే వదిలేసింది. రెండు చేతులూ తలపైకి ఎత్తి వేళ్ళు గలగలా ఆడించింది. చెవిటివాళ్ళు చప్పట్లు అలాగే కొడతారు. పక్కపిల్ల తిరిగి చూసింది, ఆ పక్కవాడు చూశాడు. పళ్ళేలు ఒక్కటొక్కటే నేలకి చేరాయి, చేతులన్నీ గాలిలోకి లేచాయి. చూస్తుండగానే షామియానా కింద గాలికి గుడ్డ కొట్టుకోవడం తప్ప మరో చప్పుడు లేకుండా పోయింది. తెర మీది ఎర్రగీత జారి అడుక్కి పడింది.

“జెండా!” అని మార్తాండ గారు పళ్ళ మధ్యనుంచి అన్నారు. “జెండా ఎత్తవయ్యా!”

మాస్టారి చేతిలో జెండా అప్పటికి కిందికి జారి ఉంది. ఆయన ఎత్తడం మొదలుపెట్టారు. సగం ఎత్తేసరికి అంకమ్మ కనపడింది. ఆ పిల్ల నసీమ ఎదురుగా నిలబడి, కనుబొమ మచ్చను తాకి, చేతులు ఆడిస్తోంది. ఇన్నాళ్ళూ ఒళ్ళో చచ్చిపడున్న చేతులు అవి. ఇప్పుడు జెండా ఎత్తితే అవి మళ్ళీ గరిటె పట్టుకుంటాయి. మాస్టారి చెయ్యి అక్కడే ఆగింది. పైకి ఎత్తడానికి మనసు రాలేదు, కిందికి దించడానికి ధైర్యం రాలేదు. జెండా సగంలో నిలబడిపోయింది.

మంత్రివర్యులు ఒకసారి జెండా వంక చూశారు, ఒకసారి నిశ్శబ్దంగా నిలబడ్డ జనం వంక చూశారు. ప్రజాజీవితంలో పండిపోయిన మనిషి. జెండా సగంలో ఉండి, జనం మౌనంగా ఉంటే ఏం చేయాలో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన లేచి నిలబడి, తల వంచి, చేతులు కట్టుకున్నారు. ఆయన లేవడం చూసి వేదిక మీదివాళ్ళంతా లేచారు. వాళ్ళని చూసి ఊరివాళ్ళు తలపాగాలు తీశారు.

తర్వాత మంత్రివర్యులు మైకు అందుకున్నారు. “ఆయన లేని లోటు ఈ ప్రాంతానికి తీరనిది. వ్యక్తిగతంగా నాకు ఎంతో ఆప్తులు. మొన్నమొన్ననే కలిసినప్పుడు కూడా ఈ పిల్లల గురించే మాట్లాడారు,” అని కళ్ళు తుడుచుకున్నారు.

ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. అడిగితే తెలియదని తేలిపోతుంది, మంత్రిగారి ఆప్తుడు ఎవరో తెలియని ఉద్యోగి ఉద్యోగంలో ఉండడు. మార్తాండ గారు అడుక్కి పడిన ఎర్రగీత వంక చూశారు, నిబంధన గుర్తుకొచ్చింది, ప్రాణం లేచొచ్చింది. “అవును సార్. జిల్లా యంత్రాంగమంతా దిగ్భ్రాంతిలో ఉంది. అందుకే మౌనం ఏర్పాటు చేశాం,” అన్నారు.

“ఇంత క్రమశిక్షణ కలిగిన మౌనం నేను అసెంబ్లీలో కూడా చూడలేదు,” అన్నారు మంత్రివర్యులు. “ఆ మహనీయుడి స్మృతిలో ఈ పాఠశాలలో ప్రతిరోజూ, పనివేళలంతా, మౌనం పాటించాలని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.”

చప్పట్లు కొట్టబోయిన సలహాదారు చేతిని మార్తాండ గారు సమయానికి పట్టుకున్నారు.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. రాళ్ళవాగు పాఠశాలను చైతన్య సూచిక నుంచి శాశ్వతంగా మినహాయించారు. గరిటెలు వంటింటికి చేరాయి. మౌనాన్ని రోజంతా క్రమబద్ధంగా నిర్వహించడానికి అనుభవం గల సిబ్బంది కావలసి వచ్చింది. రికార్డులు తిరగేస్తే, విచారణలో సైతం నోరు మెదపని ఉపాధ్యాయురాలు ఒకామె ఉందని తేలింది. నసీమను ప్రశంసాపత్రంతో సహా వెనక్కి పిలిచారు. ఆమె దాన్ని చదివి, మడిచి, బల్ల రెండో కాలి కింద పెట్టింది. ఇప్పుడా బల్ల ఊగడం లేదు. తిరపతయ్య బర్రెలు పాలు చేపాయి. ‘రాళ్ళవాగు నమూనా’ మాత్రం ఆగలేదు. ఈసారి మౌనమే చైతన్యమని తేల్చి, గోడల మీది కేకలూ కోటలూ చెరిపేసి, మిగతా బడుల పిల్లల్ని పొద్దంతా నోరెత్తనివ్వడం లేదు.

మిగిలిన చిక్కు ఒక్కటే. ప్రథమ సంస్మరణకు దండ వేయడానికి దివంగతుల చిత్రపటం పంపమని జిల్లా కేంద్రం నుంచి లేఖ వచ్చింది. తమ దగ్గర లేదని మాస్టారు రాశారు. ఆయనకి రోజుకొక లేఖ చొప్పున గుర్తుచేసి చేసి, చివరికి సంస్థవారే టవునులో మంచి నగిషీ ఫ్రేము ఒకటి కొని పంపారు. అందులో దుకాణంవాడు నమూనాగా పెట్టిన బొమ్మ ఉంది. కోటేసుకుని, పాపిడి తీసి దువ్వుకున్న పెద్దమనిషి ఎవరో చిరునవ్వుతో చూస్తున్నాడు. ఆ బొమ్మ తీసి ఏం పెట్టాలో ఉత్తర్వులో లేదు గనక అదే ఉంచేశారు.

సంస్మరణ రోజు మంత్రివర్యులు వచ్చారు, మార్తాండ గారు వచ్చారు. పటానికి గులాబీల దండ వేశారు, అగరొత్తులు వెలిగించారు. అందరూ చేతులు కట్టుకుని తలలు దించుకున్నారు. ఒకరిద్దరు అధికారులకి కళ్ళు చెమర్చాయి కూడా.

ఆ మౌనంలో అంకమ్మ వరుసలోంచి బయటికి వచ్చింది. పటం ముందు నిలబడి ఆ పెద్దమనిషి ముఖం వంక తేరిపార చూసింది. తనకి తెలిసిన ఏ పేరూ ఆ ముఖానికి అతకలేదు. వెనక్కి తిరిగి, అంతమంది పెద్దవాళ్ళ వంగిన తలల మధ్య తలెత్తి ఉన్న నసీమ వంక చూసి, పటాన్ని వేలితో చూపించి, కనుబొమలు ముడిచి, అరచెయ్యి విప్పి ఆడించింది.

‘ఎవరు?’

ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది. నసీమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారికి కూడా ఆ ఒక్క సంజ్ఞ పూర్తిగా అర్థమైంది. మిగతావాళ్ళు తలలు దించుకునే ఉన్నారు.